ఈ మనిషికి ఒక మామూలు రోజు ఉందా?

మీ ఇంట్లో పదో తరగతో, ఇంటరో చదివే పిల్లలుంటే, వాళ్ళ ఫోన్‌లో జపాన్ బొమ్మల కథలు ఈపాటికే మీ కంటపడి ఉంటాయి. పెద్ద పెద్ద కళ్ళు, గాలికి ఎగిరే జుట్టు, చేతిలో కత్తి. అవి కదిలే బొమ్మలైతే అనిమే అంటారు. పుస్తకమైతే మాంగా అంటారు. ఈ పుస్తకాన్ని కుడివైపు నుంచి ఎడమవైపుకి చదవాలి. మనం చివరి పేజీ అనుకునేది వాళ్ళకి మొదటి పేజీ. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లలోకే వచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో సముద్రాల అవతలి సంగతని వదిలేయడానికి లేదు.

ఆ కథల్లో కొందరు మనుషులు తరచుగా కనిపిస్తారు. అందరూ అబ్బాయి అంటున్నా, కాదు నేను అమ్మాయిని అనుకునేవాళ్ళు. అందరూ అమ్మాయి అంటున్నా, కాదు నేను అబ్బాయిని అనుకునేవాళ్ళు. ఈ రెండు గళ్ళలోనూ నేను ఇమడను అనుకునేవాళ్ళు. మొదటి ఇద్దరినీ ట్రాన్స్‌జెండర్ అంటున్నాం. ఏ గడిలోనూ ఇమడనివాళ్ళని నాన్‌బైనరీ అంటున్నాం. జపాన్‌లో వాళ్ళకి ఎక్స్‌జెండర్ అని ఇంకో పేరు కూడా ఉంది. ఇవాళ నేను మాట్లాడబోయేది వీళ్ళ గురించి. మాంగా వీళ్ళని ఎలా చూపించింది, ఆ చూపించడంలో మంచి ఏది, చెడు ఏది అని పోల్చుకోవడం ఎలా అన్నదాని గురించి.

దానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న చెప్పేముందు ఒక సంగతి.

ట్రాన్స్‌జెండర్ మనుషుల్ని మనలో చాలామందిమి ఎక్కడ చూస్తాం? సిగ్నల్ దగ్గర. రైల్లో. కొత్త షాపు తెరిచిన రోజున. చప్పట్లు వినిపిస్తాయి. మనం పదో ఇరవయ్యో ఇస్తాం. లేదంటే తల తిప్పుకుంటాం. పచ్చలైటు పడుతుంది. బండి కదులుతుంది. ఆ తర్వాత ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? సాయంత్రం ఏం వండుకుంటుంది? జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి వెళ్తుంది? ఆవిడకి ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళెవరు? మనకి తెలియదు. మనకి తెలిసింది ఆ రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలతోనే ఆవిడ జీవితం మొత్తం మనకి తెలుసనుకుంటాం.

కథల్లోనూ ఇదే జరుగుతుంది. నవ్వించడానికి ఒక పాత్రని తీసుకొస్తారు. లేదా గుట్టు రట్టు కావడానికి తీసుకొస్తారు. లేదా చచ్చిపోవడానికి తీసుకొస్తారు. పని అయిపోగానే పంపించేస్తారు.

అందుకే నా ప్రశ్న ఇది. ఈ మనిషికి ఈ కథలో ఒక మామూలు రోజు ఉందా? మళ్ళీ చెప్తాను. ఈ మనిషికి ఈ కథలో ఒక మామూలు రోజు ఉందా? అన్నం తినే రోజు. పరీక్షకి చదువుకునే రోజు. అక్కతో పోట్లాడే రోజు. ఎవరికీ ఏ రహస్యమూ తెలియని, ఏ ఘోరమూ జరగని రోజు.

పిల్లలందరికీ తెలిసిన కథతో మొదలుపెడదాం. వన్ పీస్. ఎయిచిరో ఓడా 1997 నుంచి గీస్తున్నారు. ఇంకా నడుస్తోంది. సముద్రపు దొంగల కథ. అందులో సాంజీ అనే వంటవాడు ఒకసారి కమబక్క అనే రాజ్యమున్న దీవిలో చిక్కుకుంటాడు. ఆ దీవి నిండా గౌన్లు తొడుక్కున్న, గడ్డం నీడలు కనిపించే మనుషులు. వాళ్ళు సాంజీని తరుముతారు. అతనికీ గౌను తొడగాలని చూస్తారు. అతను కేకలు పెడుతూ పారిపోతాడు. పాఠకుడు నవ్వాలి. ఇది 2008 ప్రాంతంలో వచ్చిన భాగం. నా ప్రశ్న వేసి చూడండి. తరమడం తప్ప ఆ దీవి మనుషులకి మొదట్లో ఇంకో పని లేదు. ఆ నవ్వు నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఆ నవ్వునే రేపు ఒక పిల్లవాడు బడిలో ఇంకో పిల్లవాడి మీద వాడతాడు.

అదే రచయిత. అదే కథ. పదేళ్ళ తర్వాత కికు అనే పాత్ర వచ్చింది. పొడగరి. టీ దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి వడ్డిస్తుంది. ఊళ్ళో ఒక మల్లయోధుడు దౌర్జన్యం చేస్తే కత్తి దూసి వాడి పిలక కోసేస్తుంది. కికు పుట్టుకతో మగ అని మనకి తర్వాతెప్పుడో తెలుస్తుంది. తన మనసు ఆడమనసని ఆమె ఒక్క ముక్కలో చెబుతుంది. తోటివాళ్ళు సరేనంటారు. యుద్ధం ముంచుకొస్తోంది కదా, అందరూ ఆ పనిలో పడతారు. చూశారా? ముందు టీ దుకాణం. ముందు ఒక మామూలు రోజు. ఆ తర్వాతే ఆ సంగతి. ఒకే రచయిత చేతిలో ఇంత తేడా వచ్చింది.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. జపాన్‌లో ఈ కథలకి మూలం ఎక్కడుంది?

ఒసాము తెజుకా అని ఒక మహానుభావుడు. మాంగా దేవుడని జపాన్‌వాళ్ళు పిలుచుకునే మనిషి. 1928లో పుట్టారు. చిన్నతనం తకరజుకా అనే ఊళ్ళో గడిచింది. ఆ ఊరికి ఒక నాటక సమాజం వల్ల పేరు. 1913లో పెట్టారు. అందులో అందరూ ఆడవాళ్ళే. రాజు వేషమైనా, సైనికుడి వేషమైనా ఆడవాళ్ళే వేస్తారు. మన కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేస్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవి కదా. అది తిరగేసి చూసుకోండి, తకరజుకా అవుతుంది. తెజుకా తల్లి ఆయన్ని ఆ నాటకాలకి తీసుకెళ్ళేది.

ఆ నాటకాలు చూసి పెరిగిన మనిషి 1953లో ఒక కథ మొదలుపెట్టారు. ఇంగ్లీషులో ప్రిన్సెస్ నైట్ అంటారు. అందులో సఫైర్ అనే రాకుమారి. పుట్టబోయే పాపకి ఒక కొంటె దేవదూత పొరపాటున అబ్బాయి మనసు కూడా ఇచ్చేస్తాడు. దాంతో ఆ పాపకి రెండు మనసులు. ఆ రాజ్యంలో సింహాసనం మగవాళ్ళకే. కాబట్టి ఆమెని రాకుమారుడిగా పెంచుతారు. కత్తి తిప్పుతుంది. గుర్రం ఎక్కుతుంది. ఎవరికీ తెలియకుండా రాకుమారి అవుతుంది. చివరికి పెళ్ళితో కథ సర్దుకుంటుంది. ధైర్యం అబ్బాయి మనసులోది, మెత్తదనం అమ్మాయి మనసులోది అని కథ అనుకోవడం నాకు ఒప్పుదల కాదు. కానీ ఒక మనిషిలో రెండూ ఉండొచ్చని బడిపిల్లల పత్రికలో బొమ్మలేసి చెప్పారు. 1953లో చెప్పారు.

ఆ తర్వాత రియోకో ఇకెదా వచ్చారు. 1972లో రోజ్ ఆఫ్ వెర్సాయ్ మొదలుపెట్టారు. ఫ్రెంచి విప్లవం నాటి కథ. ఆస్కార్ అనే అమ్మాయిని తండ్రి కొడుకులా పెంచుతాడు. రాణిగారి అంగరక్షకుల దళానికి అధిపతి అవుతుంది. ఈ కథని మళ్ళీ తకరజుకావాళ్ళే 1974లో నాటకంగా వేశారు. నాటకం చూసి మాంగా పుట్టింది, మాంగా మళ్ళీ నాటకమైంది. కానీ సఫైర్ గానీ, ఆస్కార్ గానీ తమంతట తాము ఎంచుకున్నవాళ్ళు కాదు. ఒకరిది దేవదూత పొరపాటు. ఒకరిది తండ్రి నిర్ణయం. నేను ఇదీ అని తనకు తాను చెప్పుకునే మనిషి ఇంకా రాలేదు.

ఆ మనిషి 1978లో వచ్చాడు. అదే ఇకెదా రాసిన క్లోదీన్. చిన్న పుస్తకం. ఒక్క సంపుటం. ఫ్రాన్స్‌లో అమ్మాయిగా పుట్టిన క్లోదీన్, నేను మగవాణ్ణి అంటాడు. తల్లి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ డాక్టరే మనకి కథ చెబుతాడు. క్లోదీన్ ప్రేమిస్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ దెబ్బతింటాడు. చివరికి ప్రాణం తీసుకుంటాడు. ఆ కాలానికి అది సాహసమే. డాక్టరు క్లోదీన్‌ని వెక్కిరించడు, గౌరవిస్తాడు. అయినా నా ప్రశ్నకి ఈ పుస్తకంలో జవాబు దొరకదు. క్లోదీన్ ఉదయం లేచి ఏం చేస్తాడు? ఏం తింటాడు? ఎవరితో కబుర్లాడతాడు? అతని జీవితం మనకి ఒక డాక్టరు చెప్పగా తెలుస్తుంది. ప్రేమ, దెబ్బ, ప్రేమ, దెబ్బ. మధ్యలో ఒక్క మంగళవారం లేదు.

1980ల్లో నవ్వు వచ్చింది. రుమికో తకహాషి గీసిన రన్మా గురించి పిల్లలు చెబుతారు. 1987 నుంచి 1996 దాకా నడిచింది. 2024లో కొత్తగా అనిమే కూడా వచ్చింది. రన్మా అనే కుర్రాడి మీద చన్నీళ్ళు పడితే అమ్మాయి అయిపోతాడు. వేణ్ణీళ్ళు పోస్తే మళ్ళీ అబ్బాయి. ఇది శాపం. అతను కోరుకున్నది కాదు. కాబట్టి దీన్ని ట్రాన్స్‌జెండర్ కథ అనలేం. తకహాషిగారి హాస్యం నాకు ఇష్టం. ఒకరిని చిన్నబుచ్చి నవ్వించదు. కానీ ఇంకా లోతుకి వెళ్ళగలిగిన సంగతి ఇక్కడ నీళ్ళ ఆటతో ఆగిపోయింది.

ఇప్పుడు నేను అసలు మాట్లాడాలనుకున్న పుస్తకం దగ్గరికి వస్తున్నాను.

తకాకో షిమురా రాసిన హోరో ముసుకో. ఇంగ్లీషులో వాండరింగ్ సన్ అనే పేరుతో వచ్చింది. 2002లో మొదలైంది. 2013లో ముగిసింది. 15 సంపుటాలు. ఇందులో కత్తులు లేవు. దేవదూతలు లేరు. మాయ నీళ్ళు లేవు. ఐదో తరగతి చదివే ఇద్దరు పిల్లలున్నారు.

నితోరి కొత్తగా ఆ బడికి వచ్చింది. మాస్టార్లకీ తోటి పిల్లలకీ నితోరి ఒక అబ్బాయి. లోపల మాత్రం అమ్మాయిగా బతకాలని ఉంది. నేను నితోరిని అమ్మాయిగానే చెబుతున్నాను. తనను తాను అలాగే చూసుకుంటుంది కాబట్టి. అదే తరగతిలో తకత్సుకి. తకత్సుకి పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. తల్లి కుచ్చుల గౌన్లు కొంటుంది. తకత్సుకికి అవి గిట్టవు. నితోరి ఆ గౌను వంక చూస్తుంది. ఆ చూపు తకత్సుకి గమనిస్తాడు. అక్కడ స్నేహం మొదలవుతుంది.

ఒకరోజు ఇద్దరూ రైలెక్కుతారు. తమని ఎవరూ ఎరగని చోటికి వెళ్తారు. నితోరి అమ్మాయి బట్టల్లో. తకత్సుకి అబ్బాయి బట్టల్లో. అక్కడికెళ్ళి ఏం చేస్తారు? ఏమీ చేయరు. తిరుగుతారు. ఇంటికొస్తారు. అంతే. ఆ అధ్యాయంలో ఎవరూ వాళ్ళని పట్టుకోరు. ఎవరూ వెక్కిరించరు. వాళ్ళు అంత దూరం వెళ్ళింది ఒక మామూలు రోజు కోసం. నేను చెబుతున్న ఆ మామూలు రోజు కోసమే రైలు టికెట్టు కొనుక్కున్నారు ఆ పిల్లలు.

వాళ్ళకి యుకీ అనే పెద్దావిడ పరిచయమవుతుంది. ఆమె ట్రాన్స్ మహిళ. తనను ప్రేమించిన మనిషితో కలిసి ఉంటుంది. పిల్లలు ఆ ఇంటికి వెళ్ళొస్తుంటారు. పెద్దయ్యాక ఇలా బతకొచ్చా అని పిల్లలకి నోరు తెరిచి అడగడం తెలియదు. ఆ ఇంట్లోకి అడుగుపెడితే జవాబు కనిపిస్తుంది. ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక తోడు. ఎవరూ పాఠం చెప్పలేదు.

బడిలో నాటకం వేస్తారు. ఏ నాటకమో తెలుసా? ఇందాక చెప్పుకున్న రోజ్ ఆఫ్ వెర్సాయ్. మగ వేషాలు అమ్మాయిలకి, ఆడ వేషాలు అబ్బాయిలకి. అందరికీ అది సరదా. నితోరికి కాదు. వేషం వేసినవాళ్ళు నాటకం అయ్యాక వేషం తీసేసి ఇంటికెళ్తారు. నితోరికి బరువనిపించేది ఇంటికెళ్ళాక తొడుక్కునే బట్టలే.

ఆ తర్వాత పిల్లలు పై బడికి వెళ్తారు. అప్పట్లో జపాన్‌లో చాలా బడుల్లో అక్కడి నుంచి అబ్బాయిలకి ఒక యూనిఫాం, అమ్మాయిలకి ఇంకో యూనిఫాం. సారషినా అనే పొడవాటి అమ్మాయి తనకి తోచి అబ్బాయిల యూనిఫాంలో వస్తుంది. పెద్ద గొడవేమీ కాదు. తకత్సుకి కూడా ఒకరోజు అలాగే వస్తాడు. అదీ గడిచిపోతుంది. అప్పుడు నితోరి ధైర్యం చేస్తుంది. అమ్మాయిల యూనిఫాంలో బడికి వస్తుంది. అంతే, బడంతా నవ్వు. మాస్టార్లు కంగారుపడతారు. పిల్లని తీసుకెళ్ళి నర్సు గదిలో కూర్చోబెడతారు.

ఒకే బడి. ఒకే రకం పని. ఎందుకింత తేడా? మన ఇళ్ళలో చూడండి. ఆడపిల్ల ప్యాంటూ షర్టూ వేసుకుని సైకిల్ తొక్కితే, మగరాయుడిలా ఉంది అని మురిసిపోతాం. మగపిల్లవాడు అక్క పరికిణీ కట్టుకుని అద్దం ముందు నిలబడితే? మురిసిపోతామా? పైకి ఎక్కినట్టు కనిపిస్తే మెచ్చుకుంటాం. కిందికి దిగినట్టు కనిపిస్తే కొడతాం. ఆడతనం తక్కువ మెట్టు అని మనం అనుకుంటున్నాం కాబట్టే ఇది జరుగుతోంది. ఈ మాట షిమురా ఎక్కడా చెప్పదు. మూడు యూనిఫాంలు చూపిస్తుంది. మనకే అర్థమవుతుంది.

ఆ నవ్వుతో ఆ అధ్యాయం ముగించి ఉంటే, నితోరి కూడా రెండు నిమిషాల పాత్ర అయిపోయేది. షిమురా అక్కడ ఆగదు. తర్వాతి రోజులు చూపిస్తుంది. బడికి వెళ్ళడం కష్టమైన రోజులు. నర్సు గదిలో కూర్చునే రోజులు. స్నేహితులు వచ్చి పలకరించే రోజులు. అక్కతో గొడవ. గొంతు మారిపోతుందేమోనన్న దిగులు. అవమానం ఒక్కరోజులో జరుగుతుంది. ఆ తర్వాత కూడా పిల్ల తెల్లారి లేవాలి, పళ్ళు తోముకోవాలి, హోంవర్కు చేయాలి. ఆమె బొమ్మలు కూడా అలాగే ఉంటాయి. సన్నని గీతలు. వెనక ఖాళీ తెలుపు. అరుపుల్లేవు.

ఈ బట్టల సంగతి మనకి దూరమేమీ కాదు. హైదరాబాద్ నిజాం కాలంలో, ఆనాటి ఫస్లీ లెక్కలో 1329లో ఒక చట్టం చేశారు. ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాలని వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. జైలు కూడా ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వీధిలో నడవడం ఒక మామూలు పని. ఆ మామూలు పనే నేరమని రాసిపెట్టారు.

పిల్లలు ఇలాంటివి చదివితే మారిపోతారేమో అని భయపడే తల్లిదండ్రులుంటారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. వాళ్ళకి నేను తకత్సుకిని చూపిస్తాను. పెరిగేకొద్దీ తకత్సుకిలో ఆ కోరిక మెల్లగా నెమ్మదిస్తుంది. నితోరిలో గట్టిపడుతుంది. ఇద్దరి దారులూ వేరవుతాయి. ఒకరు గెలిచారనీ, ఒకరు ఓడారనీ పుస్తకం అనదు. ఎవరినీ ఎటూ తోయదు. పిల్లలు తమని తాము తెలుసుకోవడానికి టైము పడుతుంది. ఆ టైము ఇస్తుంది. 15 సంపుటాల టైము.

ఇంకో పుస్తకం. యూకీ కమతాని రాసిన షిమనామి తసోగరె. ఇంగ్లీషులో అవర్ డ్రీమ్స్ ఎట్ డస్క్. 2015 నుంచి 2018 దాకా వచ్చింది. నాలుగే సంపుటాలు. కమతాని తాము ఎక్స్‌జెండర్ అని బాహాటంగా చెప్పుకున్న రచయిత. లోపలి నుంచి తెలిసి రాశారు.

హిరోషిమా జిల్లాలో ఒనోమిచి అని ఒక ఊరు. సముద్రం ఒడ్డున కొండ. కొండ మీదికి మెట్ల దారులు. మనుషులు వదిలేసి వెళ్ళిన పాత ఇళ్ళు. ఆ ఊరి కథ ఇది. కొందరు కలిసి ఆ పాడుబడ్డ ఇళ్ళని బాగుచేస్తుంటారు. తసుకు అనే కుర్రాడు అక్కడికి చేరతాడు. తను మగవాళ్ళని ఇష్టపడతానన్న సంగతి బడిలో బయటపడుతుందేమోనని కుంగిపోయి ఉంటాడు. వాళ్ళు అతనికి సలహాలు ఇవ్వరు. చేతికి సుత్తి ఇస్తారు. గోడ పగలగొట్టమంటారు. పగలగొడతాడు. దుమ్ము రేగుతుంది. ఆ పేజీలు చూడాల్సినవే.

ఆ పనివాళ్ళలో ఉత్సుమి అని ఒకాయన ఉంటాడు. మనకి ముందు పరిచయమయ్యేది ఇళ్ళు బాగుచేసే మనిషిగా. నవ్వుముఖం, సాయం చేసే గుణం. ఆయన ట్రాన్స్ పురుషుడని తర్వాత తెలుస్తుంది. ఎలా? పాత స్కూలు స్నేహితురాలు ఎదురుపడి ఆ సంగతి ఎత్తుతుంది. ఆమె చెడ్డది కాదు. జాలిపడుతుంది. మేలు చేయాలనుకుంటుంది. ఆ మేలు కోరేవాళ్ళ దెబ్బ ఎంత లోతుగా దిగుతుందో కమతాని ఓపిగ్గా చూపిస్తారు. ఉత్సుమికి కావలసింది జాలి కాదు. గోడ పని పూర్తికావడం.

అక్కడే మిసోరా. ఆరో తరగతి చదివే బిడ్డ. వాళ్ళంతా కలుసుకునే ఇంట్లోకి వచ్చాక ఆడపిల్లల బట్టల్లోకి మారుతుంది. నువ్వు అమ్మాయివా, అబ్బాయివా అంటే ఆ బిడ్డ దగ్గర జవాబు లేదు. తెలియదు. తెలియకపోతే తెలియనట్టే ఉండనివ్వమంటుంది. తసుకు ప్రేమకొద్దీ ప్రోత్సహిస్తాడు. యుకాతా అనే జపాన్ దుస్తులు కట్టుకుని ఊరి ఉత్సవానికి రమ్మంటాడు. మిసోరా వస్తుంది. దీపాలు, జనం. ఆ జనంలో ఒకడు బిడ్డ ఒంటి మీద చెయ్యి వేస్తాడు. మిసోరా బెదిరిపోతుంది. తసుకు ఓదార్చబోయి, మాట జారుతాడు. అది ఇంకా గాయపరుస్తుంది. మిసోరా వెళ్ళిపోతుంది.

మంచివాడే ఎందుకు నొప్పించాడు? తసుకుకి ఒక జవాబు కావాలి. నువ్వు ఇదీ అని చెప్పెయ్, నేను నీ వెంట ఉంటాను అన్నట్టు ఉంటుంది అతని తీరు. నాన్‌బైనరీ పిల్లల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. కాటా కొనయామా రాసిన ఇంకో మాంగాలో మొగుమో అనే విద్యార్థి ఉంటారు. ఆడవేషం వేసే అబ్బాయిలు పనిచేసే కాఫీ హోటల్‌కి తోటి విద్యార్థి ప్రేమగా పిలుస్తాడు. మొగుమో నొచ్చుకుంటారు. తాను ఆ అబ్బాయిల్లో ఒకరు కాదు, అమ్మాయి కూడా కాదు. పిలిచినవాడిది మంచి మనసే. పిలిచిన చోటు మాత్రం తప్పు. ఆ పుస్తకంలో బొమ్మలు కొన్నిచోట్ల కంటికి ఆకర్షణగా గీసినవి. పిల్లలకి ఇచ్చేముందు మీరు ఒకసారి తిరగేయండి.

మామూలు రోజుకి మనసు ఒక్కటే చాలదు. కాగితాలు కూడా కావాలి. బ్యాంకులో, ఆసుపత్రిలో, పెళ్ళి నమోదులో చూపించే కాగితాలు. చీ అనే రచయిత్రి 2016లో తన జీవితాన్నే చిన్న చిన్న బొమ్మలుగా గీసి పుస్తకం వేశారు. ఇంగ్లీషులో ద బ్రైడ్ వాజ్ ఎ బాయ్. తను ప్రేమించిన మనిషిని పెళ్ళి చేసుకోవడానికి ఎన్ని మెట్లు ఎక్కాల్సి వచ్చిందో నవ్వుముఖంతో చెబుతారు. జపాన్‌లో 2003లో ఒక చట్టం చేశారు. 2004 నుంచి అమలైంది. కుటుంబ రిజిస్టరులో స్త్రీ, పురుష అన్న మాట మార్చుకోవచ్చని అది చెప్పింది. కానీ షరతులు పెట్టింది. ఇద్దరు డాక్టర్లు నిర్ధారించాలి. పెళ్ళయి ఉండకూడదు. పిల్లల్ని కనే శక్తి లేకుండా ఉండాలి. అంటే ఆపరేషన్. ఈ చివరి షరతు రాజ్యాంగానికి విరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 25న చెప్పింది. ఇరవై ఏళ్ళు పట్టింది. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులోనే, ఎవరు ఏమిటన్నది వాళ్ళే చెప్పుకోవచ్చని, దానికి ఆపరేషన్ అడగకూడదని అంది. ఈ విషయంలో మనవాళ్ళ మాట ముందు వచ్చినందుకు నాకు గర్వంగా ఉంది. ఆ మాట ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ దాకా చేరలేదు. అదే బాధ.

ఇక ఇంట్లో ఏం చేయాలి? మీ అమ్మాయో, అబ్బాయో ఇలాంటి మాంగా చదువుతూ కనిపిస్తే, ఇదేం పుస్తకం అని మొదలుపెట్టకండి. పక్కన కూర్చోండి. ఈ పాత్ర ఇంట్లో ఏం చేస్తుంది అని అడగండి. వీళ్ళకి స్నేహితులెవరు అని అడగండి. ఈ మనిషికి ఒక మామూలు రోజు ఉందా అని అడగండి. పిల్లలు భలే చెబుతారు. ఏ కథ మనిషిని వాడుకుని వదిలేసిందో, ఏ కథ మనిషితో కలిసి నడిచిందో వాళ్ళే పోల్చుకుంటారు. టీచర్లు తరగతిలో కూడా ఇదే అడగొచ్చు. మాంగానే అక్కర్లేదు. మన సినిమాలకి ఈ ప్రశ్న వేసి చూడండి. చాలా సినిమాల్లో ఇలాంటి మనిషి ఒక పాటకో, ఒక వెకిలి సీనుకో వచ్చి పోతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఏడో తరగతి దాటిన పిల్లలకి వాండరింగ్ సన్ మొదటి సంపుటం. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది. పదకొండు భాగాల అనిమే 2011లో వచ్చింది, నీటిరంగుల బొమ్మల్లా ఉంటుంది. షిమనామి తసోగరె కాస్త పెద్ద పిల్లలకి. దాని మొదటి పేజీల్లోనే తసుకుకి చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంది. ఆ పేజీలు పిల్లల్ని ఒంటరిగా చదవనివ్వకండి. మీరూ చదవండి. చదివాక మాట్లాడండి. పిల్లలకే కాదు, మీకు కూడా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ ఉంది. నంబరు 14416. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రయినా, పగలైనా తెలుగులో మాట్లాడతారు.